అర ముడి వెయ్యని జమీలా

జమీలా మంచిదేనా అని నన్ను చాలామంది అడిగారు. ఇరవై మూడేళ్ళుగా మా డీటీపీ సెంటర్లో పనిచేస్తున్న మనిషి, నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మంచిదే. మెత్తనిది మాత్రం కాదు. పెళ్ళికార్డు మీద పెళ్ళికొడుకు పేరు పెద్దగా, పెళ్ళికూతురి పేరు చిన్నగా వెయ్యమని వచ్చిన ఒక పెద్దమనిషిని "రెండూ ఒకే సైజైతే వేస్తానండీ, లేదంటే పక్క షాపులో కనుక్కోండి" అని నవ్వుతూనే పంపించేసింది. షాపు నాది, పోయిన బేరం నాది. అయినా నేనేమీ అనలేదు, ఎందుకంటే ఆ మాట నేననాల్సింది, నాకు ధైర్యం చాల్లేదు.

నా పేరు బాలాత్రిపురసుందరి. ఏలూరు పవర్‌పేటలో మా మావగారు పెట్టిన ప్రెస్సే ఇప్పుడు డీటీపీ సెంటరైంది. ఏ ఆఫీసు ఫారం నింపినా నా పేరు గళ్ళలో పట్టదు. రేషన్ కార్డులో ఒక చోట తెగుతుంది, బ్యాంకులో ఇంకో చోట తెగుతుంది. అందుకని గళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. జమీలాకి మాత్రం గళ్ళంటే ప్రాణం.

వాళ్ళది తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇల్లు. తండ్రి మగ్గం మీద కూర్చుంటే జమీలా నక్షా గీసేది. నక్షా అంటే గళ్ళ కాగితం మీద వేసే డిజైను. కాగితం మీద ఒక గడి నింపితే మగ్గం మీద ఉన్నితో ఒక ముడి వెయ్యాలని అర్థం. పువ్వు రేకు వంపు తిరగాలన్నా, ఆకు కొస వాలాలన్నా అన్నీ ఆ గళ్ళతోనే. "ముడి వేస్తే వేసినట్టు, లేకపోతే లేదు, అర ముడి ఉండదు" అని వాళ్ళ నాన్న అనేవాడట. ఇది ఆయన తివాచీల గురించే అన్నాడో లేదో గానీ, జమీలా దాన్ని బతుకంతటికీ వర్తింపజేసుకుంది. పదకొండో ఏట తల్లి పోతే, ఆరేళ్ళ తమ్ముడు ఖాదర్‌ని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించింది కూడా తనే.

ఆర్డర్లు తగ్గిపోయి మగ్గం విప్పేశాక తను మా షాపుకొచ్చింది. ఖాదర్ ఆరో తరగతితో ఆపేసి, నాలుగైదు పనులు మారి, చివరికి చేపల చెరువుల మీద కాపలాకి కుదురుకున్నాడు. జమీలా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఖాళీ లేదండీ" అంటుంది. ఇంకోసారి అడిగే ధైర్యం ఎవరికీ రాదు.

నిరుడు సెప్టెంబర్లో ఒకరోజు ఖాదర్ మా షాపుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్కని వాళ్ళు ఆపా అంటారు.

"నెలాఖరుకి మానేస్తున్నానాపా" అన్నాడు.

"నువ్వు మానేస్తున్నావా, మానిపిస్తున్నారా?"

వాడు తల దించుకున్నాడు. జమీలా కంప్యూటరు ఆపి కుర్చీ వెనక్కి జరిపింది. నాలుగు నెలలుగా దాచిన సంగతి అప్పుడు బయటపడింది.

ఖాదర్ పనిచేసేది వెంకట్రాజుగారి దగ్గర. గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగితే ఆయనకి తొమ్మిది చెరువులున్నాయి. ఒక్కో గట్టు మీదా ఒక రేకు బోర్డు మీద పేరు రాసి ఉంటుంది: రోడ్డు చెరువు, కొబ్బరిచెట్ల చెరువు, కాలవ చెరువు, ఇలాగ. చేపల చెరువులో భయమంతా తెల్లవారుజామునే. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. వెంటనే ఆ చెరువులో ఏరేటర్ వెయ్యాలి, అంటే నీళ్ళని చిలికే మోటారు. వెయ్యకపోతే తెల్లారేసరికి తెల్లగా తేలతాయి. పద్దెనిమిదేళ్ళపాటు ఖాదర్ గట్లమీద తిరిగి, నీళ్ళు చూసి, మోటార్లు వేశాడు. ఒక్క చెరువూ పోలేదు.

తర్వాత రాజుగారు తాడేపల్లిగూడెంలో ఒక చిన్న కంపెనీవాళ్ళ చేత మీటర్లు పెట్టించారు. చెరువు చెరువుకీ ఒక మీటరు, షెడ్డులో గోడకి ఒక స్క్రీను. పైన వరసగా చెరువుల పేర్లు తెలుగులో, కింద వరసగా ఆక్సిజన్ అంకెలు. "ఇక గట్లు తిరగకు, ఇది చూస్తూ కూర్చో" అన్నారు రాజుగారు. మే నెలలో ఒక తెల్లవారుజామున ఒక అంకె రెండుకి పడిపోయింది. దానిపైన కొబ్బరిచెట్ల చెరువు పేరుంది. ఖాదర్ పరిగెత్తి అందులో మోటారు వేశాడు. చేపలు పోయింది కాలవ చెరువులో. బొచ్చెలు, శీలావతులు, పట్టుబడికి పదిరోజుల ముందు.

"అలాగే కనిపించిందండీ" అన్నాడట ఖాదర్.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! చదవడం రానివాణ్ణి పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ" అన్నారట రాజుగారు, పదిమంది పనివాళ్ళ ఎదురుగా.

ఆ తర్వాత కంపెనీవాళ్ళు స్క్రీనుని ఇంగ్లీషులోకి మార్చేశారు. ఖాదర్‌కి ఇంగ్లీషు రాదు. నాలుగు నెలలు చంటి అనే ఇంకో పనివాడు చదివి చెబుతుంటే మోటార్లు వేశాడు. ఇప్పుడు ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణే పెట్టుకుంటామంటున్నారు.

ఖాదర్ వెళ్ళిపోయాక జమీలా మళ్ళీ కంప్యూటరు ఆన్ చెయ్యలేదు. నేను కాఫీ తెప్పిస్తే ముట్టుకోలేదు. "మావాడికి చదవడం రాదన్నారా? వాడికి చదవడం నేర్పింది నేనండీ" అంది. ఆ గొంతు విని మర్నాడు షాపుకి తాళం వేసి నేనూ తనతో చెరువుల దగ్గరికి బస్సెక్కాను. ఒక్కదాన్నే పంపిస్తే రాజుగారికేమవుతుందోనని నా భయం.

మా అదృష్టం, కంపెనీలో ప్రోగ్రాములు రాసే అనుదీప్ ఆరోజు మీటర్లు చూడ్డానికి షెడ్డుకొచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి.

"ఏవండీ, ఒక్కసారి తెలుగు పెట్టి చూపిస్తారా?" అంది జమీలా.

అతను పెట్టాడు. జమీలా సంచిలోంచి స్టీలు స్కేలు తీసి స్క్రీను మీద నిలువుగా ఆనించింది. పైన కొబ్బరిచెట్ల చెరువు పేరు. స్కేలు కిందికొచ్చేసరికి కాలవ చెరువు అంకె మీద నిలబడింది. ఖాదర్ చదివింది చదివినట్టే చదివాడు. పేర్లే పక్కకి జరిగి కూర్చున్నాయి.

"అదేనండీ ప్రాబ్లం" అన్నాడు అనుదీప్. "ప్రోగ్రాములకి, ఇలాంటి స్క్రీన్లకి మేం వాడేవి మోనోస్పేస్ అక్షరాలండీ. ఇంగ్లీషులో సన్నటి 'ఐ' అయినా, వెడల్పాటి 'ఎమ్' అయినా ఒకే గడిలో కూర్చుంటాయి. చాలావాటికి తోకలుండవు, గీతలో లావూ సన్నం ఉండదు. గడి ఒకటే కాబట్టి కింద అంకెలతో సరిగ్గా కలుస్తాయి. తెలుగక్షరం ఒకటి సన్నం, ఒకటి లావు. పెద్ద పేరొచ్చేసరికి పక్కవాటిని తోసేస్తాయండీ. ఈ పనికి తెలుగు పనికిరాదు."

"మే నెలలో ఈ సంగతి రాజుగారికి చెప్పారా?"

"తెలుగు సరిగ్గా రావట్లేదు, ఇంగ్లీషు పెడతామని చెప్పానండీ."

"చేపలు పోయింది దీనివల్లేనని చెప్పారా?"

అతను మీటరు వైరు సర్దుకున్నాడు. "ఆయన అడగలేదండీ" అన్నాడు చివరికి.

ఉరుము ఉరిమి మంగళం మీద పడిందంటారే, అది నా కళ్ళారా చూశానారోజు. ఉరిమింది గూడెం కంపెనీలో, పడింది తంగెళ్ళమూడి ఖాదర్ నెత్తిన.

ఇంతలో వెంకట్రాజుగారు బుల్లెట్టు దిగారు. అంతా విని మీసం దువ్వుకున్నారు. "పోయినవి ఎలాగూ పోయాయి, ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? తెలుగు గళ్ళలో పట్టదని ఆ అబ్బాయే చెప్తున్నాడు. ఇంగ్లీషు రానివాడితో నాకేం పని?"

"పడుతుందండీ" అంది జమీలా.

"ఏంటీ?"

"తెలుగు గళ్ళలో పడుతుందండీ. పదిహేను రోజులు టైమివ్వండి. పట్టకపోతే నేనే వచ్చి మావాణ్ణి తీసుకెళ్ళిపోతాను."

రాజుగారు నవ్వారు. పనివాళ్ళూ నవ్వారు, ఆయన నవ్వితే నవ్వాలి కదా. ఆయన మాత్రం సరేనన్నారు.

ఆ పదిహేను రోజులు మా షాపులో వేరే పని జరగలేదు. జమీలా గళ్ళ కాగితాల కట్ట తెచ్చింది. ఒక్కో అక్షరానికి అడ్డంగా పదహారు గళ్ళు, నిలువుగా ఇరవైనాలుగు. పైన ఆరు వరసలు గుళ్ళకీ ఏత్వాలకీ, కింద ఆరు వరసలు ఒత్తులకీ, మధ్యలో అక్షరం; ఇదంతా కలిపితే స్క్రీను మీద ఒక గడి. గీత ఎక్కడైనా రెండు గళ్ళ మందమే. పెళ్ళికార్డుల్లో వేసే ఒయ్యారాలేమీ లేవు. తలకట్టు కూడా మూడు ముళ్ళలో తేల్చేసింది.

మొదటి నాలుగు రోజులూ అన్నీ ఒకే గడిలో ఇరికించాలని చూసింది. "ర" హాయిగా కూర్చుంది. "మో", "ఘ", "యా" మాత్రం సిటీబస్సులో నిలబడ్డట్టయ్యాయి. నేను ఎనిమిదడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చుని, నువ్వేమీ చెప్పకు, నేనే చదువుతానన్నాను. "మోటారు"ని "వటారు" అని చదివాను.

"ఇరికిస్తే ఇరుకుతుంది గానీ ఎవరూ చదవరండీ" అని కాగితాలు చింపేసింది. నాలుగు రోజుల పని మరి, ముక్కలన్నీ నేనే ఏరాను. ఒక అక్షరానికి ఒకటిన్నర గడి ఇచ్చెయ్యవచ్చు కదా అన్నాను. నావైపు చూసిన చూపుకి నేను మళ్ళీ సలహా ఇవ్వలేదు. "అర ముడి ఉండదండీ. ఒక గడి ఇద్దాం, లేదా నిండా రెండిద్దాం. లెక్క తెగకూడదంతే" అంది.

ఆ ఒక్క మాటతో దారి దొరికింది. సన్నవాటికి ఒక గడి, వెడల్పువాటికి రెండు. ఏ పేరుకెన్ని గళ్ళో ముందే తెలుస్తుంది కాబట్టి అంకె దానికిందే ఉంటుంది. అనుదీప్‌కి ఫోనులో చెబితే రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత "ఇది అవుతుందండీ, జమీలాగారూ" అన్నాడు. గారు అనడం అదే మొదటిసారి. తర్వాత నుంచి ప్రతి సాయంత్రం అతనే ఫోను చేసేవాడు. అక్షరం గీశాక వరసకి ఏయే గళ్ళు నింపాలో అంకెల్లో రాసి పంపమన్నాడు. జమీలా నక్షా ఎలా రాస్తుందో అలాగే రాసింది. చెరువుల పేర్లకీ మోటారు మాటలకీ కావలసినవి నూటనలభై అక్షరాలు పధ్నాలుగో రోజుకి పూర్తయ్యాయి. కళ్ళకింద నల్లగా అయిపోయింది పాపం. నాకు జాలేసింది, గర్వంగానూ అనిపించింది. ఆ మాట తనతో అనలేదు, ఇప్పుడంటున్నాను.

పదిహేనో రోజు పొద్దున్న షెడ్డులో జనం నిండారు. పక్క చెరువులవాళ్ళు కూడా వచ్చారు, తమాషా చూడ్డానికి. అనుదీప్ లాప్‌టాప్ తగిలించి మీట నొక్కాడు.

తొమ్మిది పేర్లూ తలకిందులుగా వచ్చాయి.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత షెడ్డు రేకులెగిరిపోయేలా నవ్వారు. "తెలుగుకి శీర్షాసనం వేయించిందిరోయ్" అన్నాడెవడో.

జమీలాకి మాత్రం వెంటనే తెలిసిపోయింది. మగ్గం మీద తివాచీ కిందనుంచి పైకి పెరుగుతుంది. అందుకని నక్షాలో మొదటి వరస అంటే అట్టడుగు వరస. ఊహ తెలిసినప్పటినుంచీ తను అలాగే లెక్కపెట్టింది, ఇప్పుడూ అలాగే రాసి పంపింది. స్క్రీనేమో పైనుంచి చదువుకుంది.

"తప్పు నాదేనండీ" అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "నేను కిందనుంచి రాశాను. అక్షరాలు తిరగబడ్డాయి గానీ గడి తప్పలేదు, స్కేలు పెట్టి చూసుకోండి."

"ఎవరు చదువుతారమ్మా దీన్ని?" అన్నారు రాజుగారు నవ్వు ఆపుకుంటూ. "ఏరా ఖాదరూ, నువ్వు చదువుతావా?"

ఎగతాళికే అన్నారాయన. ఖాదర్ మాత్రం జనం మధ్యలోంచి ముందుకొచ్చాడు. స్క్రీను వంక ఒక్కసారి చూశాడు.

"ఆయ్, చదువుతానండీ" అన్నాడు. "రోడ్డు చెరువు ఆరున్నర. లాకు చెరువు ఆరు. కొబ్బరిచెట్ల చెరువు ఏడు. కాలవ చెరువు అయిదు పాయింటు ఎనిమిది..."

ఎక్కడా ఆగలేదు. తొమ్మిదీ చదివాడు. అనుదీప్ లాప్‌టాప్‌లో చూసి "అన్నీ కరెక్టండీ" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఎలా చదివావురా?" అన్నారు రాజుగారు.

"గట్టు మీద బోర్డు నీళ్ళలో ఇలాగే కనిపిస్తుందండీ. పద్దెనిమిదేళ్ళ నుంచి నేను చూసేది నీళ్ళే కదండీ."

అనుదీప్ పావుగంటలో వరసలు తిరగేశాడు. పేర్లు నిటారుగా నిలబడ్డాయి, ఏ పేరు కింద దాని అంకె. పక్క చెరువులవాళ్ళు దగ్గరకొచ్చి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుకున్నారు. ఒక ముసలాయన తన చెరువులకీ ఇవే పెట్టమన్నాడు.

"బాగుందమ్మా" అన్నారు రాజుగారు. ఆయన చెడ్డమనిషి కాడు, ఒప్పుకుంటే చిన్నదనం అనుకునే మనిషి, అంతే. "సరే, ఖాదర్ ఉంటాడులే. ఈ అక్షరాలే ఉంచెయ్యండి."

అందరూ కదలబోయారు. నేనూ చెప్పులేసుకున్నాను. జమీలా కదల్లేదు.

"అనుదీప్‌గారూ, అక్షరాలు తీసెయ్యండి" అంది.

"అదేంటమ్మా!" అన్నారు రాజుగారు.

"మావాడికి ఉద్యోగం అడగడానికి రాలేదండీ నేను. మే నెలలో మీరు పదిమందిలో ఒక మాటన్నారు. ఆ పదిమందీ ఇక్కడే ఉన్నారు. ఆ మాట తప్పని వీళ్ళందరిలో చెప్పండి. అప్పుడే నా అక్షరాలు ఈ గోడమీద ఉంటాయి."

"అయిపోయినవి తవ్వుకోవడం ఎందుకమ్మా..."

"సగం చెప్పి సగం మింగడం మాకు చేతకాదండీ."

రాజుగారి ముఖం ఎర్రబడింది. నేను చెప్పులు విప్పేసి వెళ్ళి జమీలా పక్కన నిలబడ్డాను. ముందుగా నోరు విప్పింది అనుదీప్. "రాజుగారూ, తప్పు మా స్క్రీనుదండీ. ఆరోజు కాలవ చెరువు అంకె కొబ్బరిచెట్ల చెరువు పేరు కిందకొచ్చింది. నాకు అప్పుడే తెలుసండీ. కంపెనీకి మాటొస్తుందని చెప్పలేదు. ఖాదర్‌గారు సరిగ్గానే చదివారు."

రాజుగారు పనివాళ్ళ వంక చూశారు, నేల వంక చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఖాదర్ తప్పేం లేదు" అన్నారు. "నేనే తొందరపడ్డాను."

నేనైతే ఖాదర్ ముఖం వెలుగుతుందనుకున్నాను. వాడు అలాగే గోడకి జారబడి కింద కూర్చుండిపోయాడు. నలభైరెండేళ్ళ మనిషి, మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. జమీలా వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆపా, నేను ఏలూరులో కళ్ళ డాక్టరు దగ్గరకెళ్ళాను" అన్నాడు. "జూన్లో. ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు పడుతుందేమో, పడితే అదే కారణమని చెప్పుకోవచ్చని. ఆయన అన్నీ చూసి నీ కళ్ళు శుభ్రంగా ఉన్నాయి పొమ్మన్నాడు. అదీ చెప్పలేదు నేను. కళ్ళు బాగుంటే మరి తప్పు నాదేగా. నాలుగు నెలల్నుంచీ అన్నం ముందు కూర్చుంటే ఆ చేపలే కనిపిస్తున్నాయాపా. నేనే చంపేశాననుకున్నాను."

పనివాళ్ళు ఎవరూ వాడి వంక చూడలేకపోయారు. చంటి గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. జమీలా కళ్ళలో నీళ్ళు నిండాయి, కిందికి జారనివ్వలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి అలాగే ఉంచి తలెత్తింది.

"విన్నారా రాజుగారూ?" అంది. "ఇందాక మీరు అందరికీ చెప్పారు, వీడికి చెప్పలేదు. ఇంకోసారి చెప్పండి."

ఆయన దగ్గరకొచ్చి ఖాదర్ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. మళ్ళీ చెప్పారు.